పొద్దు గుంకిందా గ్లోరీ

చిట్టెమ్మ శనివారం నాడే కన్నుమూయాలని ప్రార్థన చేస్తోంది. ఆమె కోడలు గ్లోరి, ఏ రోజైనా సరే గానీ శనివారం మాత్రం వద్దు ప్రభువా అని ప్రార్థన చేస్తోంది. ఒకే ఇంట్లో, ఒకే గోడకి అటొకరూ ఇటొకరూ, ఒకే దేవుడికి. ఆయనకి మాత్రం ఇంతకంటే ఇరకాటం ఎప్పుడొచ్చి ఉంటుంది?

ఆ ఇంట్లో శనివారం గొడవ ఇవాళ్టిది కాదు. ఆరేళ్ళ కిందటి దాకా తిరువూరు పేట చర్చిలో చిట్టెమ్మ ముందు వరస మనిషి. ఆదివారం మొదటి గంట కొట్టేసరికి తెల్లచీర కట్టుకుని, కానుక కొంగున ముడేసుకుని చాప మీద కూర్చునేది. ఒక ఎండాకాలం బస్టాండు వెనక ఖాళీ స్థలంలో ఎవరో గుడారం వేసి ప్రార్థన కూటాలు పెట్టారు. పాటలు బాగున్నాయని వెళ్ళింది. వెళ్ళిన మనిషి పాటలతో ఊరుకోకుండా ప్రసంగం కూడా విని వచ్చింది. వచ్చి, బియ్యం చెరుగుతున్న కోడలి ఎదురుగా చతికిలబడింది.

"ఏమే గ్లోరీ, దేవుడు పని మానేసి విశ్రాంతి తీసుకుంది ఏ రోజున?"

"ఏడో రోజున."

"మరి మనం ఆదివారం ఎందుకు మానేస్తన్నాం?"

"ఆదివారమేగా అత్తా ఏడోది. సోమవారం నుంచి లెక్కపెట్టు."

"ఆది అంటేనే మొదలు గదే. పేరులో మొదలు పెట్టుకుని, అది చివరిది ఎట్టా అయిద్ది?"

గ్లోరి చేట పక్కన పెట్టింది. "ప్రభువు ఆదివారం తిరిగి లేచాడు. అందుకే మనకి ఆదివారం."

"లేచాడు, కాదన్లా. లేచే ముందు శనివారం సమాధిలో పడుకున్నాడుగా? చచ్చిపోయి కూడా ఆయన విశ్రాంతి దినం మానలేదు. నువ్వు బతికుండి మానేస్తన్నావు."

గ్లోరి మళ్ళీ చేట అందుకుంది. చేట అందుకోవడమంటే ఒప్పుకోవడం కాదు. పేట చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు ఆమె. మనం ధర్మశాస్త్రం కింద లేము, కృప కింద ఉన్నాము, రోజుల్ని పట్టుకు వేలాడేవాళ్ళు గింజ వదిలేసి పొట్టు పట్టుకున్నవాళ్ళు అని మైకులో గడగడా చెప్పగలిగిన మనిషి. కానీ మైకు ముందు చెప్పడం వేరు, అత్త ముందు చెప్పడం వేరు.

ఆ వారం నుంచే చిట్టెమ్మ శుక్రవారం సాయంత్రానికల్లా అన్నం వండి దింపేసేది. శనివారం ఆమె కోసం పొయ్యి వెలగకూడదు. చీపురు పట్టకూడదు. పత్తి తీతలకి ఎవరు పిలిచినా కదలకూడదు. వేసవిలో అన్నం పులిసిపోతే మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ కొరుక్కునేదే తప్ప, శనివారం వండిన మెతుకు నోట పెట్టేది కాదు. పొద్దున్నే తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, ఆ గుడారం వాళ్ళే తర్వాత వేసుకున్న రేకుల షెడ్డుకి ఆరాధనకి వెళ్ళేది.

ఇది చూసి వీధి మొదట్లో ఉండే రైతుల ఇంటి ఇల్లాలు ప్రమీలారాణి గారు తెగ సంబరపడిపోయారు. "చిట్టెమ్మా, నువ్వు కూడా స్వామికి శనివారాలు పడుతున్నావంటగా! మంచి పని చేశావు" అని ఒక కొబ్బరిచిప్ప చేతిలో పెట్టారు. ఆ కొబ్బరిచిప్ప సుగుణమ్మ కంట్లో పడింది. సుగుణమ్మది గోడ అవతలి ఇల్లు, పేట చర్చి మనిషే. ఆమె కంట్లో పడిందంటే ఊరికి దండోరా వేసినట్టే. వారం తిరక్కుండా, చిట్టెమ్మ మళ్ళీ విగ్రహాల్లో కలిసిందని చర్చి అంతా పొక్కింది.

"వాళ్ళ స్వామి రోజు వాళ్ళది, నా దేవుడి రోజు నాది. రెండూ ఒకనాడే వస్తే నేనేం చేసేది?" అని చిట్టెమ్మ నవ్వేసింది. నవ్వలేక చచ్చింది గ్లోరి.

ఆదివారాలు ఇంకా ఘోరం. చర్చికి వెళ్ళేవాళ్ళంతా చూస్తుండగా చిట్టెమ్మ పంపు దగ్గర కూర్చుని దబదబా దుప్పట్లు బాదేది. ఆరు రోజులు పని చెయ్యమనడం కూడా ఆజ్ఞేనట. అధ్యక్షురాలు తల వంచుకుని చెప్పులేసుకునేది. ఎవరి వాదనలో ఎంత బలముందో పెద్దలు తేల్చుకోవాలి. మనకి తెలిసిందల్లా ఒకటే, ఒక ఇంట్లో విశ్రాంతి దినాలు రెండుంటే కోడలికి ఒక్కటి కూడా దక్కదు.

అట్లా పోట్లాడుకుంటూనే బతుకుతున్నారు. ఈ మామిడికాయల సీజనులో చిట్టెమ్మ మంచం పట్టింది. విజయవాడ తీసుకెళ్ళి చూపిస్తే, గుండె బాగా నీరసించింది, వయసు కూడా అయింది, ఇంటికి తీసుకెళ్ళి తినగలిగింది పెట్టండి అన్నారు. కొడుకు జోజప్ప కారు మాట్లాడి తీసుకొచ్చాడు. జోజప్పకి ట్రాలీ ఆటో ఉంది, తోటల నుంచి కాయలు తోలతాడు. తల్లిని ముందు గదిలో కిటికీ పక్కన పడుకోబెట్టి, తను కాయల పనికి వెళ్తూ గంటకోసారి ఫోన్ చేసేవాడు.

రెండో గదిలో గ్లోరి కూతురు కీర్తన ఉంది. పెనుగొలనులో ఇచ్చారు, పురిటికి తెచ్చుకున్నారు. రేపో మాపో అన్నట్టుంది. పోయిన ఏడాది ఒకసారి కడుపు పండి, ఏడో నెలలో పోయింది. ఆ తర్వాత గ్లోరి కూతురి కడుపు వైపు సూటిగా చూడటం మానేసింది. దిష్టి తగులుతుందని కాదు. దిష్టి లేదని స్త్రీల సమాజంలో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కే లేదు. ఊరికే భయం, అంతే.

గురువారం నుంచి చిట్టెమ్మకి మెతుకు దిగడం లేదు. ఆ సాయంత్రం ఆమె కళ్ళు మూసుకుని పైకే ప్రార్థన చేసుకుంటుంటే గ్లోరి విన్నది.

"ప్రభువా, నువ్వు సమాధిలో పడుకున్న రోజునే నన్నూ పండబెట్టు. ఇంకేం అడగను."

గ్లోరికి ఏడుపొచ్చింది. ఎన్ని మాటలనుకున్నా, కీర్తన పుట్టినప్పుడు తనకి ఒళ్ళు రుద్ది బాలింత స్నానాలు చేయించిన చేతులవి. ఆరేళ్ళుగా ఒక్క వారం మీద తప్ప ఇంక దేని మీదా ఆమెతో తగువు లేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చేసరికి సుగుణమ్మ కొబ్బరినీళ్ళ చెంబుతో నిలబడి ఉంది.

"రేపట్లోగా అయిపోతే బాగుండు గ్లోరీ."

"అదేంటి పిన్నీ, అట్టా అంటావు?"

"ఎల్లుండి శనివారం. శని పీనుగ తోడు కోరిద్దంటారు. ఇంట్లో చూస్తే నిండు చూలాలు."

"మనం ప్రభువు బిడ్డలం పిన్నీ! మనకి శనేంటి, మంగళేంటి?"

"ప్రభువు బిడ్డలమే, నేను కాదన్నానా? మా పెదనాన్న శనివారం పోయాడు. మళ్ళీ శనివారం రాకుండానే మా అన్న కొడుకు పోయాడు. వాళ్ళూ ప్రభువు బిడ్డలే."

సుగుణమ్మ చెంబు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. పుల్ల పెట్టేవాళ్ళు ఎప్పుడూ పొయ్యి దగ్గర ఉండరు. నమ్మకం తలలో ఉంటుంది, భయం కడుపులో ఉంటుంది. సుగుణమ్మకి జవాబు చెప్పింది స్త్రీల సమాజం అధ్యక్షురాలు. ఆ మాట విన్నది మాత్రం కీర్తన తల్లి. ఇక ఆ రాత్రి నుంచి ఆమెకి నిద్ర లేదు.

పిల్లని పెనుగొలను పంపేస్తే? పురిటికి తెచ్చుకున్న పిల్లని పురుడు కాకుండా పంపితే వియ్యాలవారికి ఏమని చెప్పాలి? పైగా డాక్టరమ్మ ప్రయాణాలు వద్దంది. మాట వరసకి అడిగి చూస్తే, "నాయనమ్మని ఇట్టా పెట్టుకుని నన్ను పొమ్మంటావేంటమ్మా?" అని కీర్తన గోడ వైపు తిరిగి పడుకుంది.

శుక్రవారం పగలంతా చిట్టెమ్మ మగతలోనే ఉంది. సాయంత్రం మసీదులో పొద్దు గుంకే వేళ ఇచ్చే మగ్రిబ్ నమాజు పిలుపు వినపడగానే కళ్ళు తెరిచి, "వచ్చేసింది" అంది. విశ్రాంతి దినం వచ్చేసిందని. రేకుల షెడ్డు వాళ్ళ లెక్కలో రోజు పొద్దు గుంకగానే మొదలవుతుంది. సృష్టి మొదట్లో సాయంత్రం ముందొచ్చింది, ఉదయం తర్వాతొచ్చింది, కాబట్టి రోజంటే పొద్దు గుంకడం నుంచి పొద్దు గుంకడం దాకా. ఆరేళ్ళుగా చిట్టెమ్మకి గడియారం ఆ మసీదు మైకే. శుక్రవారం ఆ పిలుపుతో పని ఆపేది, శనివారం ఆ పిలుపుతో పొయ్యి వెలిగించేది.

పేటలో పెద్దవాళ్ళ లెక్క వేరు. వాళ్ళకి తెల్లారితేనే రోజు. పొద్దు పొడవకుండా వారం మారదు.

గ్లోరి తడిగుడ్డతో అత్త మొహం తుడుస్తూ ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఇప్పుడు, ఈ రాత్రి, తెల్లారే లోపు ప్రాణం పోతే? అత్త లెక్కలో అది శనివారం, ఆమె కోరిక తీరినట్టే. పేట లెక్కలో ఇంకా శుక్రవారమే, శని పీనుగ కాదు. ఇద్దరి ప్రార్థనలూ ఒక్క దెబ్బకి నెరవేరే వేళ ఇదొక్కటే. ఎంత చక్కగా కుదిరింది! అనుకుని, అనుకున్నందుకు గ్లోరి నాలిక కరుచుకుంది. బతికున్న మనిషి చావుకి ముహూర్తం పెడుతోంది తను. ముహూర్తాలు చూడకూడదని మైకులో చెప్పేది కూడా తనే.

అయినా ఆ రాత్రంతా అత్త ఊపిరి వింటూనే కూర్చుంది. ఊపిరి ఆగితే భయం, ఆగకపోతే భయం.

ఆగలేదు. కిటికీలోంచి వెలుగు పడింది. శనివారం అందరి లెక్కల్లోనూ వచ్చేసింది.

చిట్టెమ్మ మొహం ఆ పొద్దున తేటగా ఉంది. రేకుల షెడ్డు వాళ్ళు నలుగురు వచ్చి మంచం పక్కన నిలబడి పాట పాడి వెళ్ళారు. "ఇయ్యాలేగా" అంది చిట్టెమ్మ వాళ్ళతో. పెళ్ళికి బయల్దేరే మనిషిలా ఉంది ఆమె ధోరణి. వాళ్ళు వెళ్ళాక ఊపిరి మధ్యలో ఖాళీలు రావడం మొదలైంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య గ్లోరికి ప్రాణాలు పోయి వస్తున్నాయి.

సుగుణమ్మ మళ్ళీ వచ్చింది. రాకుండా ఎక్కడుంటుంది? గ్లోరి ఆమెని ఇంటి పక్క సందులోకి తీసుకెళ్ళింది. ఈసారి అధ్యక్షురాలు నోరెత్తలేదు.

"ఏం చేస్తే పోయిద్ది పిన్నీ అది?"

"కోడిని కట్టాలి. వాళ్ళయితే పాడెకి కడతారు. మనది పెట్టె గదా, పాస్టరు గారి కంట్లో పడితే బాగోదు. పెట్టె వెనకాల గంపలో పట్టుకెళ్ళి సమాధుల దగ్గర వదిలేస్తే సరిపోయిద్ది. తోడు అడిగితే అది పోయిద్ది, మన పిల్ల జోలికి రాదు."

"ఏ కోడైనా ఫర్వాలేదా?"

"నల్లదైతే మంచిది."

గ్లోరి అక్కడే నిలబడి జోజప్పకి ఫోన్ చేసింది. "సాయంత్రం వచ్చేటప్పుడు నల్లకోడి ఒకటి తీసుకురా. ఎందుకా? మీ అమ్మ ఇయ్యాల పోతే నా బిడ్డకి తోడు అడగకుండా. నాకు భయంగా ఉందయ్యా, నన్నేమీ అడగొద్దు, తీసుకురా" అని ఏడ్చేసింది.

ఏడ్చి, మొహం తుడుచుకుని తల తిప్పితే ఎదురుగా కిటికీ. కిటికీ అవతల అత్త మంచం. చిట్టెమ్మ కళ్ళు తెరుచుకుని తన వైపే చూస్తున్నాయి. గుండె ఎంత నీరసించినా ఆమె చెవులు మాత్రం పాము చెవులు.

గ్లోరి లోపలికి ఎట్లా నడిచి వచ్చిందో ఆమెకే తెలియదు. తిడుతుందనుకుంది. వాక్యం తీసి మొహాన కొడుతుందనుకుంది.

"పొయ్యి వెలిగించి జావ కాయి" అంది చిట్టెమ్మ.

"ఇయ్యాల శనివారం అత్తా. నిన్న నీ కోసం కాసింది ఉంది, తెస్తా."

"అది పులిసిపోయి ఉంటది. వేడిగా కాయి. సత్తువ కావాలి నాకు."

"ఎందుకత్తా?"

"రేపటి దాకా ఉండాలిగా."

గ్లోరి మంచం పక్కన కూర్చుంది. చిట్టెమ్మ ఊపిరి కూడదీసుకుని, ఒక్కో మాటా తూచినట్టు చెప్పింది. "కోడి తోడొచ్చిద్దంట. పిచ్చిదానా. శనివారం ఎవరికీ కీడు చెయ్యదే, అది దేవుడు దీవించిన రోజు. చెప్తే వినవు. ఆరేళ్ళు చెప్పా, విన్నావా? కడుపుతో ఉన్న పిల్లకి గుండెల్లో దడ పెట్టి నేను పోయి ఏం సుఖపడతా? ఇయ్యాల పోనులే. లేచి జావ కాయి."

గ్లోరి వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ వెలిగించి, గిన్నెలో నీళ్ళు పోసి పెట్టింది. ఆరేళ్ళలో శనివారం వండిన మెతుకు ముట్టని మనిషి, శనివారం కాచిన జావ కావాలంటోంది. చచ్చిపోవాలనుకున్న రోజున బతకడానికి. తను ఆరేళ్ళు వాదించి సాధించలేనిది తన పిరికితనం ఒక్క పూటలో సాధించింది. అడుగంటకుండా గ్లోరి జావ కలుపుతూ నిలబడింది.

ఆ మధ్యాహ్నం ఎంత పొడుగ్గా సాగిందో చెప్పలేం. బయట రోడ్డు మీద మామిడికాయల లారీలు పోతున్నాయి, గాలి వేడిగా కొడుతోంది. చిట్టెమ్మ చెంచాడు జావ నోట్లో ఉంచుకుని, మింగడానికి సిద్ధపడి, మింగి, కాసేపు ఆయాసపడి, మళ్ళీ నోరు తెరుస్తోంది. నిద్ర ముంచుకొస్తుంటే, "నన్ను పడుకోనీకు, పడుకుంటే లేవను" అంటోంది. కీర్తన వచ్చి మంచం పక్కన స్టూలేసుకుని కూర్చుంది. నాయనమ్మ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని పాత సంగతులన్నీ కదిపింది. పాట పాడమంది. ముసలామె ఒక చరణం మొదలుపెట్టి, సగంలో ఆగి, "నువ్వు పాడు, నేను వింటా" అంది. ఎందుకు ఇదంతా అని కీర్తన అడగలేదు. వంటింట్లో తల్లి మొహం చూశాకే ఆమెకి సగం అర్థమైంది.

గ్లోరి జావ గిన్నెతో తిరుగుతోంది, లోపల ఒకటే ప్రార్థన. ఉంచు ప్రభువా. ఈ ఒక్క రోజు దాటించు ప్రభువా.

పొద్దు పడమటి తోటల మీదికి వాలింది. అప్పుడు తట్టింది గ్లోరికి. అత్త రేపటి దాకా ఉంటానంది. అత్త లెక్కలో రేపు ఎప్పుడొస్తుంది? పొద్దు గుంకగానే వస్తుంది. ఇంకాసేపట్లో ఆమెకి శనివారం అయిపోతుంది, ఆదివారం వచ్చేస్తుంది. మాట నిలబెట్టుకున్నాననుకుని పట్టు వదిలేస్తుంది. సుగుణమ్మ లెక్కలో, పేట లెక్కలో, గ్లోరి కడుపులో ఉన్న భయం లెక్కలో మాత్రం శనివారం రేపు పొద్దు పొడిచే దాకా కదలదు.

చెప్పాలి. అత్తా, నీ లెక్క చాలదు, ఇంకా రాత్రంతా ఉండాలి అని చెప్పాలి. ఆ మొహం చూసి ఏ నోటితో చెబుతుంది?

చెప్పలేదు. లేచి కిటికీ రెక్కలు మూసింది. మూలనున్న కూలరు స్విచ్చు వేసి, ఫుల్లుగా తిప్పింది. ఆ కూలరు పాతది, తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. కీర్తన తల్లి వైపు చూసింది. గ్లోరి చూపు తప్పించుకుంది.

అవతల మసీదులో పిలుపు మొదలైంది. గుమ్మం దగ్గర నిలబడ్డ గ్లోరికి లీలగా వినపడింది. మంచం మీది మనిషికి వినపడలేదు.

"పొద్దు గుంకిందా గ్లోరీ?"

"ఇంకా లేదత్తా."

చిట్టెమ్మ తల ఊపింది. జావ కోసం నోరు తెరిచింది. చెంచాతో పోసిన జావ లోపలికి పోకుండా నోటి పక్కగా కారిపోయింది. గ్లోరి తుడిచింది. చిట్టెమ్మ మళ్ళీ నోరు తెరిచింది. ఈసారి పొలమారింది. దగ్గడానికి బలం లేక ఆమె ఒళ్ళంతా వంకర్లు పోయింది, వేళ్ళు కీర్తన చేతిని గోళ్ళు దిగేలా పట్టుకున్నాయి. కాస్త తెరిపిన పడ్డాక మళ్ళీ అదే అడిగింది.

"ఇప్పుడన్నా గుంకిందా?"

"లేదత్తా... ఇంకొంచెం."

"ఏం పొద్దే ఇది. ఇయ్యాల గుంకనంటంది." ఆమె కళ్ళలోంచి నీళ్ళు చెవుల వైపు కారుతున్నాయి. అయినా పెదాలు బిగించి, ఛాతీ ఎగరేసి, ఇంకో ఊపిరి లాగింది. బావిలోంచి నిండు కుండ తోడుతున్నట్టు లాగింది. ఆ ఒక్క ఊపిరికి ఆమె మొహం నల్లబడిపోయింది. ఇంకోటి లాగడానికి సిద్ధపడుతోంది.

ఎవరి కోసం ఈ హింస? గుంకిపోయిన పొద్దుని తన నోటితో ఆకాశంలో నిలబెట్టి, ఈ ముసలి ప్రాణాన్ని దానికి కట్టేసింది తను. రాత్రంతా ఇట్లాగే లేదు లేదని చెబుతూ కూర్చుంటుందా? పొద్దు పొడిచాక ఏం చెబుతుంది? కూతురి బిడ్డకేదో అవుతుందనే భయం కడుపులో అలాగే ఉంది. కదల్లేదు, తగ్గలేదు. కానీ అది తన భయం. దాన్ని తను మొయ్యాలి గానీ అత్త చేత మోయించకూడదు.

గ్లోరి లేచి వెళ్ళి కూలరు ఆపేసింది. కిటికీ రెక్కలు తెరిచింది. బయట వీధి దీపాలు వెలుగుతున్నాయి. మంచం మీద కూర్చుని అత్త తలని ఒళ్ళోకి తీసుకుంది.

"గుంకింది అత్తా. ఎప్పుడో గుంకింది. నేనే అబద్ధం చెప్పా."

చిట్టెమ్మ కిటికీ వైపు కళ్ళు తిప్పింది. చీకటి చూసింది. కోడలి మీద కోపం వచ్చిందో లేదో, అంత ఓపిక ఆ మొహంలో లేదు.

"అయితే ఆదివారం వచ్చేసింది" అంది. "నీ రోజే. ఇంక భయం లేదుగా?"

గ్లోరి అత్త కళ్ళనీళ్ళు కొంగుతో తుడిచింది. భయం ఉన్నా, లేదనే చెప్పాలి. "లేదత్తా. వచ్చేసింది ఆదివారం. ఇంక పడుకో."

ఆ తర్వాత చిట్టెమ్మ ఎక్కువసేపు లేదు. కీర్తన చేతిని పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. కీర్తన నాయనమ్మ చేతిని వదల్లేదు, తన కడుపు మీదే ఉంచుకుని ఏడ్చింది. గ్లోరి వద్దనలేదు.

ఏడుపు విని సుగుణమ్మ గోడ అవతలి నుంచే కేక పెట్టింది. "అయ్యో, అనుకున్నంతా అయ్యింది! శనివారమే పోయిందే!" వీధి వాళ్ళు చేరారు. పేట చర్చి పాస్టరు ప్రేమ్ కిరణ్ మోటారుసైకిలు మీద వచ్చాడు. కుర్ర పాస్టరు, మంచివాడే. ప్రార్థన చేసి, ఫోన్ తీసి ఏదో రాసుకుంటూ గ్లోరిని అడిగాడు.

"రేపు ఆరాధనలో ప్రకటన చెయ్యాలండి. శనివారం సాయంత్రం ప్రభువునందు నిద్రించారు అని చెప్పమంటారా?"

"శనివారం వద్దు పాస్టరు గారూ. ఆదివారం అని చెప్పండి."

"రేపు కదండీ ఆదివారం?"

"పొద్దు గుంకాక పోయింది. ఆమె లెక్కలో ఆదివారమే."

ప్రేమ్ కిరణ్ ఇబ్బందిగా చుట్టూ చూశాడు. "మన సంఘం ఆ లెక్క ఒప్పుకోదు కదండీ. స్త్రీల సమాజంలో మీరే కదా దాని మీద..."

"నేనే చెప్పా. రేపట్నుంచి మళ్ళీ నేనే చెప్తానేమో. ఈ ఒక్క చావు మాత్రం ఆమె లెక్కలో రాయండి."

జోజప్ప అప్పుడే వచ్చాడు. తల్లిని చూసి గుమ్మంలోనే కూలబడిపోయాడు. చేతిలో గంప, గంపలో కాళ్ళు కట్టేసిన నల్లకోడి. పాస్టరు చూస్తున్నాడని సుగుణమ్మ చప్పున కొంగు అడ్డం పెట్టింది. గ్లోరి ఆ కొంగు పక్కకి తీసి, గంప ముందు కూర్చుని కోడి కాళ్ళ తాడు విప్పింది. అది కాసేపు అక్కడే తిరిగి, జనం కాళ్ళ మధ్య నుంచి వీధిలోకి పోయింది.

సుగుణమ్మ గ్లోరి చెవి దగ్గర వంగింది. "ఎంత పని చేశావే! లోపల నిండు చూలాలు. నీకు భయం లేదటే?"

"ఉంది పిన్నీ. ఒళ్ళంతా వణుకుతోంది, చూడు" అని గ్లోరి తన రెండు చేతులూ చాపింది. అవి నిజంగానే వణుకుతున్నాయి. "కానీ శనివారాన్ని దాటిపోయాననుకుని ప్రాణం వదిలింది మా అత్త. ఇప్పుడు కోడిని కడితే, నువ్వు దాటలేదు అత్తా అని ఆమె మొహం మీద చెప్పినట్టే."